గాజుపెట్టెలో సుబ్బారాయుడు

మా అమ్మ పామును పాము అనదు. పొద్దుగూకిన తరువాత అసలే అనదు. "పురుగు" అంటుంది. ఎవరినైనా పాము కరిచిందని చెప్పవలసి వస్తే గొంతు తగ్గించి "పురుగు ముట్టిందట" అంటుంది. పేరు పెట్టి పిలిస్తే ఎక్కడ పలుకుతుందోనని భయం. అటువంటి తల్లికి 2022 వేసవిలో ఒక ఆదివారం నాడు ఫోను చేసి, "అమ్మా, మేమొక పామును కొనుక్కున్నాం" అని చెప్పవలసిన అగత్యం నాకు పట్టింది.

అటువైపు చాలాసేపు నిశ్శబ్దం. తరువాత, "డబ్బిచ్చా?" అన్నది.

మేముండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో. పామును కోరింది మా అమ్మాయి. అప్పటికి దానికి పదమూడేళ్ళు. కుక్కను తెచ్చుకుందామంటే వాళ్ళమ్మకు బొచ్చు పడదు, తుమ్ములు. చేపలంటే అమ్మాయికి విసుగు. ఆరు నెలలపాటు గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెచ్చి చదివి, ఒక నోటుపుస్తకం నిండా వ్రాసుకొని, ఒక రాత్రి భోజనాల వేళ మా ఇద్దరి ముందూ న్యాయవాదిలా నిలబడి వాదించింది. విషం లేదు. బొచ్చు లేదు. అరవదు. వారానికొక్కసారి తిండి. నా దగ్గర ప్రతివాదం లేకపోయింది. భయమన్న ఒక్క మాట చెప్పి ఉంటే వ్యవహారం అక్కడితో ఆగిపోయేది. కానీ కన్నకూతురి ముందు ఆ మాట చెప్పడానికి సిగ్గు అడ్డు వచ్చింది. సిగ్గు చేయించిన పనులన్నీ లెక్క వేస్తే నా జీవితచరిత్ర సగం పూర్తవుతుంది.

అలా మా ఇంటికి వచ్చింది ఒక కార్న్ స్నేక్. మొక్కజొన్న పాము అనుకోవచ్చు. పొట్టకింద నలుపు తెలుపు గళ్ళు రంగురంగుల మొక్కజొన్న కంకిలా ఉంటాయి కనుక ఆ పేరు వచ్చిందని కొందరూ, మొక్కజొన్న కొట్టాల్లో ఎలుకల కోసం తిరిగేది కనుక వచ్చిందని కొందరూ అంటారు. పెరిగితే నాలుగైదు అడుగులు. ఇంట్లో పెరిగితే పదిహేను, ఇరవై ఏళ్ళు బ్రతుకుతుంది. మాది వచ్చిననాటికి మూరెడు పొడవు, చిటికెన వ్రేలంత లావు. నారింజ రంగు ఒంటిమీద ఇటుకరంగు మచ్చలు, ఒక్కొక్క మచ్చ చుట్టూ కాటుక గీసినట్టు నల్లటి అంచు. నిజం ఒప్పుకోవాలి, అందమైనదే. భయపడేవాడికి అందం కనిపించదనుకుంటాం గానీ, కనిపిస్తుంది. అది మరింత భయపెడుతుంది.

(అన్నట్టు, ఇది చదివి మన ఊళ్ళో ఎవరైనా సరదా పడేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు పామును పట్టి ఇంట్లో పెంచుకోవడం నేరం. ఇక్కడ కూడా, ఈ పాము అడవుల్లో సహజంగా తిరిగే జార్జియా రాష్ట్రంలో దీన్ని ఇంట్లో పెంచుకోకూడదు. ఎక్కడి పాములు అక్కడి అడవివి అన్నది రెండు చోట్లా ఒకటే న్యాయం. మాది పెంపకందారుల దగ్గర గుడ్డు పగిలి పుట్టినది, అడవి ముఖం చూడనిది.)

పేరు పెట్టింది మాత్రం మా ఆవిడ. ఆ గదిలోకి అడుగు పెట్టనని ఒట్టు పెట్టుకున్నది గుమ్మం బయటే నిలబడి, "ఆయన్ను ఏకవచనంతో పిలవకండి, సుబ్బారాయుడు గారనండి" అన్నది. పుట్టలో పాలు పోసి పెరిగినవాళ్ళం. కార్తీకమాసంలో నాగులచవితి నాడు చిమ్మిలి, చలివిడి పెట్టి, పిల్లల చెవులు బాగుండాలని పుట్టమన్ను చెవులకు రాసినవాళ్ళం. మా వంశంలోనే సుబ్బారావులు ముగ్గురు, నాగమణులు ఇద్దరు. దైవంగా మొక్కుతాం, కంటపడితే కర్ర తీస్తాం. ఈ రెంటికీ పొంతన ఏమిటని మనం ఎన్నడూ అడుగుకోలేదు.

నా భయానికి మాత్రం ఒక ఊరున్నది, ఒక సంవత్సరం ఉన్నది. ముందు అది చెప్పాలి.

* * *

నాన్నగారి ఉద్యోగరీత్యా నా బాల్యంలో ఆరేళ్ళు అరకులోయలో గడిచాయి. సముద్రమట్టానికి మూడువేల అడుగుల ఎత్తున, తూర్పు కనుమల ఒడిలో ఉన్న ఊరు. బైలడిల్లా ఇనుపరాయిని విశాఖ రేవుకు దించడం కోసం 1960లలో వేసిన రైలుదారి మా క్వార్టర్లకు వినిపించేంత దూరంలో ఉండేది. కొండ తొలిచిన సొరంగాలు ఒక్కొక్కటే దాటుకొంటూ కిరండూల్ వెళ్ళే పాసింజరు వచ్చేవేళకు మేము బడి నుంచి వచ్చేవాళ్ళం. పెరటిగోడ దాటితే కొండ మొదలు. కార్తీకం వచ్చేసరికి వాలులన్నీ వలిసెపూలతో పసుపు పూసుకొనేవి. అంతకు ముందు నాలుగు నెలలూ వాన. వానతోపాటు పాములు.

నా సావాసగాడి పేరు ఇక్కడ వ్రాయను. ఇంటిపేరు మాత్రం చెప్పక తప్పదు, కథంతా దానిలోనే ఉన్నది. వంతల. అక్కడి గిరిజనులలో ఒక్కొక్క ఇంటిపేరూ ఒక్కొక్క జీవికో, దేవతకో సంబంధించినది. కిల్లో వారిది పులి. కొర్ర వారిది సూర్యుడు. పాంగి వారిది గద్ద. గొల్లోరి వారిది కోతి. వంతల వారిది పాము. తమ ఇంటిపేరైన జీవిని వారు చంపరు, తమ కులపెద్దలాగా చూసుకుంటారు. ఈ సంగతి వాడు నాకు మూడో తరగతిలోనే చెప్పాడు, "మీదేటి?" అని కూడా అడిగాడు. మా ఇంటిపేరు ఏదో ఊరిపేరు. ఏ జంతువూ మాది కాదని తెలిసి వాడు నామీద జాలిపడ్డాడు.

1986 ఆగస్టు. నాకు పదేళ్ళు. సాయంత్రం దీపాలు పోయాయి. వసారాలో లాంతరు పెట్టుకొని ఇద్దరం లెక్కలు చేసుకొంటున్నాం. నాన్నగారి రబ్బరు బూట్ల పక్కన ఏదో కదిలింది. నల్లటి ఒంటిమీద తెల్లటి అడ్డచారలు. ఆ రోజుల్లో చారలపాము అంటే మాకు తెలిసినది ఒక్కటే, కట్లపాము. రాత్రిపూట నేలమీద పడుకున్నవారి పక్కలోకి చేరి కరుస్తుంది. కరిచిన నొప్పి కూడా ఒక్కొక్కసారి తెలియదు. తెల్లవారేసరికి మనిషి లేవడు. ఆ కథలు విని విని ఉన్నాను. నోరు తెరిచాను.

వాడు నా చెయ్యి పట్టుకొని, "కట్లపాము కాదురా. ఒగ్గెయ్. దాని దారిన అది పోద్ది" అన్నాడు.

నేను ఒగ్గలేదు. "కట్లపాము! కట్లపాము!" అని క్వార్టర్లన్నీ అదిరేలా అరిచాను. నలుగురు పెద్దలు కర్రలతో వచ్చారు. రెండు నిమిషాల పని. అంతవరకూ అయితే పసివాడి భయమని సర్దుకొనవచ్చు. కానీ అది కదలడం మానేసిన తరువాత ఎవరో నా చేతికి కర్ర ఇచ్చి, "నువ్వూ ఒకటి వెయ్యరా" అన్నారు. వేశాను. "మగాడివిరా" అన్నారు. గర్వపడ్డాను కూడా. అది మరచిపోలేను.

అందరూ వెళ్ళాక వాడు దాన్ని కర్రమీదకు ఎత్తుకొన్నాడు. తల ఒక పక్క, తోక ఒక పక్క వేలాడుతున్నాయి. లాంతరు వెలుగులో నా ముందు నుంచే తీసుకువెళ్ళి పెరట్లో పనసచెట్టు మొదట్లో చేతులతో గొయ్యి తీసి పూడ్చాడు. ఒక్క మాట అనలేదు. మరునాడు బడిలో వేరే బెంచీమీద కూర్చున్నాడు. ఏడాది తిరక్కుండానే నాన్నగారికి బదిలీ అయింది.

అప్పటి నుంచి పాము నాకు కలలోని వస్తువు. రాత్రి మంచం దిగాలంటే ముందు నేలను చూడాలి. బొమ్మ కనిపిస్తే పేజీ తిప్పాలి. పామును చంపినవాడిని పాము వెదుకుతుందని మనవాళ్ళు చెప్పే మాట శాస్త్రానికి నిలబడదని నాకు తెలుసు. తెలియడం వేరు, నిద్రపట్టడం వేరు.

* * *

మరల కొలంబస్‌కు వస్తాను.

కొత్తగా వచ్చిన పామును వారం పది రోజులు ముట్టుకోకూడదు. స్థలం అలవాటు కావాలి. ఆ నియమం విని లోలోపల నేను పొందిన ఆనందం ఇంతా అంతా కాదు. గాజుపెట్టెకు ఒకవైపు వెచ్చదనం, సుమారు ఎనభై అయిదు డిగ్రీల ఫారెన్‌హీట్, రెండోవైపు చల్లదనం. పాముకు తన వేడి తాను పుట్టించుకొనే శక్తి లేదు కనుక అటూ ఇటూ జరుగుతూ ఒంటిని సర్దుకుంటుంది. దాగడానికి రెండు గూళ్ళు, ఒక నీళ్ళ గిన్నె. నీళ్ళు మార్చే పని నాది. మూత తీసి, గిన్నె పట్టి, మూత వేసేలోగా నా చొక్కా తడిసేది, నీళ్ళతో కాదు.

తరువాత ముట్టుకొనే పాఠం మొదలయింది. గురువు మా అమ్మాయి. మొదటి రోజు తోటపని చేసే తోలు తొడుగులు వేసుకొని వచ్చాను. అది నవ్వి, "నాన్నా, వాటితో నువ్వు ఎంత గట్టిగా నొక్కుతున్నావో నీకు తెలియదు. తీసేయి" అన్నది. పైనుంచి చెయ్యి పెట్టకూడదు. ఆకాశం నుంచి వచ్చేది పాముకు గద్దే. పక్కనుంచి, నెమ్మదిగా, నడుము కిందుగా చేయి పోనివ్వాలి. తల దగ్గర పట్టకూడదు. తిన్న తరువాత రెండు రోజులు కదపకూడదు, కక్కేస్తుంది. కళ్ళు నీలంగా పొరకమ్మితే కుబుసం విడవబోతున్నదని గుర్తు. అప్పుడు దానికి చూపు సరిగా ఆనదు, చిరాకుగా ఉంటుంది, వదిలేయాలి. ఇన్ని 'కూడదు'లు విన్న తరువాత నాకొక సంగతి స్ఫురించింది. ఇవన్నీ దాని భయాలు. ఇంతవరకు నేను నా భయం జాబితా మాత్రమే వ్రాసుకున్నాను.

మొదటిసారి ఒక వ్రేలు మాత్రం, తోకవైపు, ఒక్క క్షణం. జిగటగా ఉంటుందనుకున్నాను. పొడిగా ఉన్నది. నున్నగా, నీడలో పెట్టిన చింతగింజలా చల్లగా. ఆ చల్లదనం కింద ఏదో నడుస్తున్నది. కండరాలు ఒకదాని వెనుక ఒకటి అలలా పోతున్నాయి. చెయ్యి వెనక్కు లాక్కొని స్నానాలగదిలోకి వెళ్ళి రెండుసార్లు కడుక్కున్నాను. (కడుక్కోవడం ఎలాగూ నియమమే. సరీసృపాల ఒంటిమీద కడుపును చెరిపే క్రిములుండవచ్చు. ఆ నియమం నా పిరికితనానికి మంచి ముసుగయింది.)

మూడో వారానికి అరచేతిలో పెట్టుకోగలిగాను. నేను బిగించి పట్టేసరికి అది గింజుకొని నా మణికట్టుమీద దుర్వాసన గల తెల్లటి ద్రవం విడిచింది. "నువ్వు పట్టుకోకు నాన్నా. చెయ్యి ఊరకే కొమ్మలా పెట్టు. అదే నిన్ను పట్టుకొంటుంది" అన్నది అమ్మాయి. వదిలాను. నిజంగానే అది వ్రేళ్ళ సందుల్లోంచి దారి వెదుక్కొంటూ, నాలుక ఆడిస్తూ, చేతి మీదుగా మోచేతిదాకా వెళ్ళి, అక్కడ ఆగి చుట్ట చుట్టుకొన్నది. నాలుకతో అది వాసన చూస్తుందట. గాలిలోని వాసనను నాలుకమీదకు తీసుకొని అంగిట్లో ఉన్న అవయవానికి అందిస్తుందట. నా భయం ఏ వాసన వేస్తున్నదో దానికే తెలియాలి.

కరిచింది కూడా. తప్పు నాది. కోడిమాంసం కడిగిన చేతులు సరిగా కడుక్కోకుండా పెట్టెలో పెట్టాను. తిండి అనుకొని అందుకున్నది. రేగుముల్లు గీరినంత నొప్పి, నాలుగు నెత్తుటి చుక్కలు. ముప్పై ఆరేళ్ళుగా నేను ఎదురుచూసిన ఘోరం ఇంతేనా అనిపించింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆ రోజుల్లోనే అమ్మాయి పుస్తకం ఒకటి తిరగేస్తుంటే ఒక పుటలో రెండు బొమ్మలు పక్కపక్కన కనిపించాయి. ఒకటి కట్లపాము. రెండోది దాన్ని పోలి ఉండే విషం లేని పాము, ఇంగ్లీషులో వుల్ఫ్ స్నేక్ అంటారు. బల్లుల కోసం ఇళ్ళలోకి వస్తుంది. కట్లపాముకు చారలు మెడదగ్గర పలుచగా, తోకవైపు పోయేకొద్దీ స్పష్టంగా ఉంటాయి. రెండోదానికి తలకిందులు. మెడదగ్గర స్పష్టంగా మొదలై తోకవైపు మాసిపోతాయి. పుస్తకం మూసేశాను. కర్రమీద వేలాడుతూ లాంతరు ముందు నుంచి వెళ్ళిన ఆ తోక నాకు బాగా జ్ఞాపకం. ఒక్క చార కూడా లేదు దానికి.

(చారలు లెక్కపెట్టి ధైర్యం చేయమని దీని అర్థం కాదు. కొత్త పాము కనిపిస్తే దూరంగా జరగడమొక్కటే మనబోటి వారికి చేతనయిన విద్య.)

వాడు సరిగ్గా చెప్పాడు. వాడికి పదేళ్ళే.

* * *

అసలు పరీక్ష నవంబరులో వచ్చింది. అమ్మాయి బడివాళ్ళతో రెండు రోజుల ప్రయాణం వెళ్ళింది. రాత్రి నీళ్ళు మార్చిన నేను మూత గడియ వేయడం మరిచాను. తెల్లవారి చూస్తే పెట్టె ఖాళీ.

మా ఆవిడ సోఫా ఎక్కి నిలబడి, "ఏమండీ, సుబ్బారాయుడు గారు లేరండీ" అన్నది. అంత విపత్తులోనూ బహువచనం మానలేదు. గంటసేపు వెదికాను. మంచాల కింద, బీరువా వెనుక, బూట్లలో. బూట్లలో చూస్తున్నప్పుడు నా గుండె ఎక్కడ ఉన్నదో చెప్పనక్కరలేదు. చివరికి బుద్ధి పనిచేసింది. బయట చలి, పాము వెచ్చదనం వెదుకుతుంది. వంటగదిలో ఫ్రిజ్ వెనుక, మోటారు పక్కన, దుమ్ములో చుట్టుకొని ఉన్నది. ఫ్రిజ్ జరిపాను. టార్చి వేశాను. వెలుగు పడగానే తల ఎత్తి తోకను నేలకేసి టపటపా కొట్టింది.

అప్పుడు గమనించాను. నా కుడిచేతిలో చీపురుకర్ర ఉన్నది. ఎప్పుడు తీసుకున్నానో తెలియదు. ఎవరూ ఇవ్వలేదు. చెయ్యే వెళ్ళి తెచ్చుకున్నది.

టార్చి వెలుగు, మూలన చుట్టుకొన్న పాము, చేతిలో కర్ర. వసారా, లాంతరు, బూట్లు అన్నీ ఒక్కసారి కళ్ళముందుకు వచ్చాయి. చెవి పక్కనే ఎవరో అన్నట్టు "ఒగ్గెయ్" అన్న మాట వినపడింది. ఆనాడు వాడు పాము గురించి అన్నాడనుకున్నాను. ఇప్పుడది కర్రకు కూడా వర్తిస్తుందని తోచింది. చీపురు గోడకు ఆనించాను. నేలమీద బోర్లా పడుకొని, పక్కనుంచి, కొమ్మలా చెయ్యి పెట్టాను. ఎంతసేపు పెట్టానో చెప్పలేను. భుజం తిమ్మిరెక్కింది. ముందు నాలుక తగిలింది. తరువాత గడ్డం. తరువాత ఆ చల్లని బరువు మెల్లగా నా మణికట్టు మీదకు ఎక్కింది. దానికి దుమ్ము అంటుకొని ఉన్నది. చొక్కా కొనతో తుడిచాను. తుడుస్తూ ఏడ్చానని మా ఆవిడ అంటుంది. నేను దుమ్మంటాను.

* * *

2023 డిసెంబరులో అరకు వెళ్ళాం. మా చిన్నప్పటి విశాఖ జిల్లా కాదిప్పుడు అది. 2022 ఏప్రిల్ నుంచి పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా. వాణ్ణి వెదకడం కష్టం కాలేదు. కాఫీతోట ఉన్నది, సిల్వర్ ఓక్ నీడలో, చెట్ల మొదళ్ళకు మిరియపు తీగతో. తల నెరిసింది. నన్ను చూసి, "రండి బాబూ, బావున్నారా" అన్నాడు. ఆ 'బాబూ' నాకు ముల్లులా గుచ్చుకున్నది.

టీ తాగుతూ, నేను సంవత్సరంగా మనసులో కూర్చుకొన్న మాటలన్నీ చెప్పాను. వసారా, పాము, వాడు వద్దనడం, నా కర్రదెబ్బ. ఆ పాము నిజంగానే విషం లేనిదని. తప్పయిందని. వాడు శ్రద్ధగా విన్నాడు. తరువాత కొంచెం ఇబ్బందిగా నవ్వి, "ఏ పాము బాబూ? మీ క్వార్టర్లలో చాలా చంపినారు గదా" అన్నాడు.

నేను ముప్పై ఏడేళ్ళు మోసిన పాము వాడికి జ్ఞాపకమే లేదు. నాకు అది ఒక్కటి. వాడికి అది లెక్కలేనన్నిటిలో ఒకటి. క్షమాపణ అడగడానికి వెళ్ళినవాడికి ఇంతకన్న పెద్ద శిక్ష ఉండదనుకుంటాను.

మాటల్లో మా సుబ్బారాయుడి సంగతి వచ్చింది. ఫోనులో అమ్మాయి బొమ్మలు చూపించింది. పిల్ల మెడలో పాము చూసి వాడు ముచ్చటపడ్డాడు. "కొరకదా?" అన్నాడు. "విషం లేదు మామయ్యా" అన్నది. "అదే మరి" అని కాసేపు ఊరుకొని, తమ పిన్ని సంగతి చెప్పాడు. కొన్నేళ్ళ క్రిందట వానాకాలంలో రాత్రి నిద్రలో కట్లపాము కరిచింది. రోడ్డు లేని కొండమీది ఊరు. డోలీ కట్టి మోసుకొని దిగారు. దిగేసరికి ఊపిరి లేదు. "పాము మా ఇంటిపేరే గాని, కాటు కాటే గదా" అన్నాడు. ఇప్పుడు వాళ్ళ ఇంట్లో అందరూ మంచాలమీద, దోమతెరలోనే పడుకుంటారట. తెర అంచులు పక్క కిందకు దోపుతారట. రాత్రి బయటకు వెళితే టార్చి లేకుండా వెళ్ళరట.

మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటు వలన సుమారు పన్నెండు లక్షలమంది, అంటే ఏటా సగటున 58,000 మంది మరణించి ఉంటారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. ఆ మరణాలలో అధికభాగం పల్లెల్లోనే, సుమారు సగం వానాకాలంలోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని మన ప్రభుత్వం 2024లో ఒక జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. విరుగుడు మందు ఉన్నది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటి విషానికీ కలిపి ఒకటే మందు. మందుకూ మనిషికీ నడుమ కొండ ఉన్నది. అంతే తేడా.

నా ధైర్యం గాజుపెట్టె ధైర్యమని అప్పుడు తెలిసింది. గడియ ఉన్న మూత, విషం లేని కోర, ఫోను చేస్తే నిమిషాల్లో వచ్చే అంబులెన్సు, వీటన్నిటి నడుమ నేను జయించిన భయం నిజమైనదే గాని చిన్నది. తన మనిషిని తీసుకుపోయిన జాతిమీద కర్ర ఎత్తకుండా, తెర అంచులు దోపుకొని పడుకోవడం ఉన్నదే, అది పెద్దది. వాడికి భయం లేక కాదు. ఏ భయం ఉంచుకోవాలో, ఏది వదలాలో తెలుసు.

మధ్యాహ్నం తోట చూడటానికి వెళ్ళాం. రాతిగట్టు మీద ఎండ పడుతున్నది. అమ్మాయి ముందు నడుస్తూ ఠక్కున ఆగింది. గట్టుమీద ఆరడుగుల జెర్రిపోతు ఎండ కాచుకొంటున్నది. విషం లేనిదని అమ్మాయికి తెలుసు, నాకూ తెలుసు. దాని కళ్ళు వెలిగాయి. చెయ్యి పక్కనుంచి, కొమ్మలా, ముందుకు సాగింది. ఏడాదిన్నరగా నేను నేర్చుకున్నదంతా నేర్పిన చెయ్యి అది.

వాడు తన చెయ్యి అడ్డం పెట్టాడు. గొంతు పెంచలేదు.

"ఒగ్గెయ్ తల్లీ. దాని దారిన అది పోద్ది."

నేను వాడి ముఖం వైపు చూశాను. వాడు నన్ను చూడటం లేదు, పామును చూస్తున్నాడు. అది తల ఎత్తి, నాలుక రెండుసార్లు ఆడించి, తొందరేమీ లేనట్టు రాళ్ళ సందులోకి జారుకున్నది. తోక కొస కనుమరుగయ్యేదాకా నలుగురం నిలబడ్డాం. మా ఆవిడ ఈసారి ఏమీ ఎక్కలేదు, ఎక్కడానికి అక్కడ ఏమీ లేదు కూడా.

"పదరా, కాఫీపళ్ళు చూద్దువు గాని" అన్నాడు వాడు. ఆ 'రా' వాడికి తెలియకుండానే వచ్చింది. నేను గుర్తుచేయలేదు.